అరకప్పు నీళ్ళు

సంచి నీళ్ళ మీద తేలుతోంది. దాని మూతికి పెట్టిన బట్టల క్లిప్పు తొట్టి అంచుని గట్టిగా కరుచుకుని ఉంది కాబట్టి ఎటూ పోదు, అయినా ఆమె ఒక వేలు దాని మీద ఆనించే ఉంచింది, నిద్రపోతున్న పసిపిల్ల మీద చెయ్యి వేసి ఉంచినట్టు. లోపల ఆరు చేపలు, ఒక్కోటి చిటికెన వేలిలో సగం, తోకలు మాత్రం ఒంటికి మించినవి, ప్లాస్టిక్‌ని మూతులతో పొడుచుకుంటూ గుండ్రంగా తిరుగుతున్నాయి. ఆ నీళ్ళకీ ఈ నీళ్ళకీ మధ్య ఉల్లిపొరంత అడ్డం. గడియారంలో నాలుగూ ఐదు. నాలుగూ పదికి సంచి మూతి విప్పి, తొట్టిలోంచి అరకప్పు నీళ్ళు తీసి సంచిలో పోయాలి, పది నిమిషాలాగి మళ్ళీ అరకప్పు, అలా ఐదుసార్లు, ఐదింటికి చిన్న వలతో ఒక్కొక్కదాన్నీ పట్టి తొట్టిలోకి వదలాలి, సంచిలో ఉన్న చేపల కొట్టు నీళ్ళు మాత్రం తొట్టిలో పడకూడదు. బాబాయి చెప్పులు వేసుకుంటూ ఒకసారి, గుమ్మం దాటి వెనక్కి వచ్చి ఒకసారి, మెట్ల మీదనుంచి ఇంకోసారి చెప్పాడు. "తొందరపడకు మాటలమ్మా. ఆలస్యమైతే ఏ చేపా చావదు. తొందరపడితేనే." ఆ చివరి మాట మెట్లు దిగి వెళ్ళిపోయింది గానీ ఆమె లోపల దిగకుండా అక్కడే నిలబడిపోయింది. తొందరపడితేనే. ఆ మాట ఎందుకన్నాడు? ఊరికే అన్నాడా? బాబాయి ఊరికే అనే మాటలు రోజుకి వంద ఉంటాయి, ఆమెని మాటలమ్మా అని పిలవడమే అందులో ఒకటి, ఈ ఇంటికి వచ్చిన మూడు నెలల్లో ఆమె మాట్లాడిన మాటలన్నీ కలిపి పోసినా ఈ అరకప్పు నిండదు.

కప్పు బాబాయి లాబులోది. బాబాయి కట్టుడు పళ్ళు చేస్తాడు, అచ్చులకి పిండి కలిపేటప్పుడు నీళ్ళు కొలుచుకునే కప్పు అది, తెల్లది, పక్కన నల్ల గీతలు. ఇవాళ సెలవు, ఇవాళ చేపల రోజు అని పొద్దున్నుంచి చెప్పుకుని, కొట్టుకి ఆమెని కూడా తీసుకెళ్ళి, సంచిని ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, తొట్టిలో తేలేసి, తొట్టి లైటు ఆర్పి చేతులు తుడుచుకునేసరికి ఫోన్ వచ్చింది. ఎవరో హెడ్‌మాస్టరుగారు, రేపు పొద్దున ఆయన పదవీ విరమణ సభట, పై వరస పళ్ళు నడిమికి విరిగాయట. "పళ్ళు లేకుండా అంతమందికి ధన్యవాదాలు చెప్తే ముందు వరస తడిసిపోతుంది" అని బాబాయి వెళ్ళాడు. బాబాయి చేతిలో చెడిపోయిన సెట్టు ఒకటి ఈ తొట్టి అడుగునే ఉంది, గులాబీరంగు చిగుళ్ళు, పదహారు పళ్ళు, గులకరాళ్ళ మధ్య కూర్చుని పైకి చూసి నవ్వుతూ ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత అలవాటైంది. ఆ పళ్ళ సందుల్లోంచి చేపలు దూరి బయటికొచ్చేవి, మాటలు నోట్లోంచి వచ్చినట్టు. ఇప్పుడు ఆ నోట్లో ఒక్కడే ఉన్నాడు, వాచ్‌మన్. పాచి తినే చేప, నల్లటిది, మీసాలది, రోజంతా అద్దానికి అతుక్కుని ఏమీ చేయకుండా ఉంటాడని ఆ పేరు పెట్టింది పిన్ని. తొమ్మిదింట్లో మిగిలింది వాడొక్కడే.

నాలుగూ పది. ఆమె రబ్బరు బ్యాండు విప్పింది. సంచిలోంచి చిన్న నిట్టూర్పులా గాలి వచ్చింది. అరకప్పు ముంచి, అంచుకి ఆనించి, దారం జారినట్టు పోసింది. చేపలు ఒక్కసారి అటు పక్కకి సర్దుకున్నాయి, కొత్తవాళ్ళు గదిలోకి వస్తే మంచం మీద కూర్చున్నవాళ్ళు జరిగినట్టు. వాటికేం తెలుస్తుంది, ఇవి వేరే నీళ్ళని. తెలుస్తుందేమో. ఆమెకి తెలిసింది. ఈ ఇంట్లో మొదటి గ్లాసు కొళాయి నీళ్ళు తాగినప్పుడు మందు వాసన గొంతులో అడ్డుపడింది, పిన్ని చూస్తోందని గటగటా తాగేసింది. వాళ్ళ ఊళ్ళో బావి నీళ్ళు. వాళ్ళ నాయనమ్మ పొద్దున లేవగానే బిందె బోర్లించేది, సగం నీళ్ళున్నా సరే, రాత్రి నీళ్ళు పాసిపోయినవే. పారబోసి, లోపలికి చెయ్యి పెట్టి తోమి, మొహం కనబడేదాకా తోమి, కొత్త నీళ్ళు పట్టాలి. తోమడం అయ్యాక నాయనమ్మ బిందెలోకి తొంగి చూసేది. "నా మొహం ఏదే? పక్కింటావిడ మొహంలా కనబడుతోంది, మళ్ళీ తోము." ఆ ఒక్క జోకే పదేళ్ళు వేసింది. ఆడపిల్లకి మాటలు రాకపోయినా ఫర్వాలేదు, గిన్నెలు మాట్లాడాలి అనేది. ఆ మాట పట్టుకునే పెరిగింది ఆమె. పదో తరగతిదాకా చదివిన బళ్ళో మాస్టారు ఆమెని ఎప్పుడూ పేరు పెట్టి లేపలేదు, నల్లబల్ల తుడిచే పని మాత్రం ఆమెకే ఇచ్చాడు. ఈ ఊరొచ్చాక కాలేజీలో హాజరు పిలుస్తుంటే ఉన్నానని అంటూనే ఉంది, ఆ అనడం పెదాలు దాటక తొమ్మిది రోజులు వరసగా రానట్టు రాసుకున్నారు. బెంచీ మీద కూర్చుని, ఎదురుగా చూస్తూ, తను లేదని రాస్తుంటే విన్నది. ఇంట్లో కూడా అంతే. పిన్ని మంచిది, బాబాయి మంచివాడు, ఎవరూ ఏమీ అనరు, అనకపోవడమే బరువు. తిన్న కంచం ఎవరూ చూడకముందే కడిగేది, మడతపెట్టిన బట్టలు మళ్ళీ మడతపెట్టేది. మాటలతో తీర్చలేనిది చేతులతో తీర్చేద్దామని.

మూడు వారాల కిందటి ఆ శనివారం కూడా అదే. పిన్ని డ్యూటీకి, బాబాయి లాబుకి, పిట్ట బడికి. పిట్ట వాళ్ళమ్మాయి, రెండో తరగతి, ఏదీ తిన్నగా తినదు, అన్నీ పొడుచుకుని తింటుంది కాబట్టి పిట్ట. ఆమెకి కాలేజీ లేదు. ఇల్లు తుడిచింది, కిటికీ ఊచలు తుడిచింది, ఇంకేం మిగిలిందా అని చూస్తే తొట్టి. అద్దం లోపల పచ్చగా పాచి. రాళ్ళ మీద జిగురు. నీళ్ళు ఎన్ని రోజులవో. ఈ ఇంట్లో ఇదొక్కటి ఎవరికీ తీరని పని అనుకుంది, పాపం. చేపల్ని గిన్నెతో తోడి బకెట్‌లో వేసింది. నీళ్ళన్నీ తోడి పారబోసింది. రాళ్ళని చేటలో బియ్యం కడిగినట్టు ఏడెనిమిదిసార్లు, తెల్లగా నీళ్ళు దిగేదాకా కడిగింది. అద్దాలు తోమింది. మూలనున్న ఫిల్టర్‌లోంచి స్పాంజి తీస్తే గోధుమరంగు బురద కారింది, ఛీ అనుకుని కొళాయి కింద పిండి పిండి పసుపుపచ్చ స్పాంజి చేసింది. ఆఖరికి ఆ పళ్ళ సెట్టుని కూడా పాత బ్రష్షుతో తోమింది, పై పళ్ళు, లోపలి పళ్ళు, చిగుళ్ళ వెనక, తోముతూ ఒక్కతే నవ్వుకుంది, పనిలో పడితే ఆమె నవ్వుతుంది. కొళాయికి గొట్టం తగిలించి తొట్టి నింపింది. చేపల్ని వదిలింది. అప్పుడు వెనక్కి నిలబడి చూస్తే, నాయనమ్మ ఉంటే మొహం చూసుకునేది. అద్దం ఉన్నట్టే లేదు, చేపలు గదిలోనే, గాల్లోనే ఈదుతున్నట్టు. తను ఈ ఇంట్లో చెప్పిన మొదటి మాట అది. తన పొడుగు నోటుబుక్కులో అప్పుడే రాసుకుంది కూడా: ఇవాళ తొట్టి తోమాను. ఎవరికీ చెప్పలేదు. ఎప్పుడు కనిపెడతారో చూద్దాం.

నాలుగూ ఇరవై. రెండో అరకప్పు. నీలం తోకది మూతి పైకెత్తి పడుతున్న నీళ్ళకి ఎదురెళ్ళింది, మిగిలినవి దాని వెనక దాక్కున్నాయి. ప్రతి గుంపులో ఒకటుంటుంది అలా, ముందుకెళ్ళేది. ఆ శనివారం సాయంత్రమే పిన్ని కనిపెట్టింది. "తొట్టి భలే మెరుస్తోందే" అంది బాబాయితో. ఆమె వంటింట్లో ఉంది, చేతిలో గరిటె, ఇప్పుడు అడుగుతారు, ఎవరు చేశారని అడుగుతారు, అడిగితే ఏమనాలి, నేనే అనాలా, ఊరికే తల ఊపితే చాలా. బాబాయి పేపరులోంచి తల తిప్పకుండా, "వాచ్‌మన్‌గాడు ఇన్నాళ్ళకి డ్యూటీ ఎక్కినట్టున్నాడు" అన్నాడు. పిన్ని నవ్వింది. పిట్ట నవ్వింది. వంటింట్లో ఆమె కూడా నవ్వింది, చేసేదేముంది. ఎవరూ అడగలేదు. అడగనిది ఎలా చెప్పాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఆదివారం పొద్దున రెండు చేపలు నీళ్ళ పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని గాలి మింగుతున్నాయి. మధ్యాహ్నానికి నాలుగు, వెల్లకిలా. సోమవారం సాయంత్రానికి ఎనిమిది. బాబాయి ఒక్కొక్కదాన్నీ టీ చెంచాతో తీసి కాగితంలో పెట్టాడు. కొట్టాయనకి ఫోన్ చేశాడు. ఇటు వైపు మాటలే వినబడ్డాయి ఆమెకి, అవి చాలు. "లేదండీ, నీళ్ళు మార్చలేదు. పోయిన వారం పావు వంతే తీసి పోశాను... ఛ ఛ, మొత్తం ఎందుకు మారుస్తామండీ, మాకు తెలీదా... ఫిల్టరా, అది మేం ముట్టుకోలేదు." మొత్తం. ఫిల్టర్. ముట్టుకోలేదు. అప్పటికి తెలిసింది, పూర్తిగా తెలిసింది. బాబాయి ఫోన్ పెట్టేశాడు, ఆమె నోరు తెరిచింది, నిజంగా తెరిచింది, గాలి మింగే చేపలాగే. ఆ లోపు తలుపు వెనకనుంచి పిట్ట వచ్చి, "నాన్నా, నేను బిస్కెట్ వేశాను" అంది.

"ఎంత వేశావు?" "సగం." "క్రీముదా, మామూలుదా?" "క్రీముది." "క్రీము వాటికి పెట్టి బిస్కెట్ నువ్వు తిన్నావా, క్రీము నువ్వు నాకి బిస్కెట్ వాటికి పెట్టావా?" అలా నవ్వించాలని చూశాడు, పిట్ట నవ్వలేదు, ముక్కు ఎర్రబడి, పెదవి వంకర తిరిగి, వెక్కి వెక్కి. బాబాయి ఎత్తుకున్నాడు. "పోనీలేమ్మా, తెలియక చేశావు." అంతే, అక్కడితో తేలిపోయింది. తెలియక చేశావు. ఎంత మెత్తని మాట, ఎంత దూరం నుంచి వచ్చిన మాట, తప్పు ఇంటి తలుపు కొట్టిన ఉత్తరంలా అది పిట్టకి వెళ్ళిపోయింది, ఆమె అక్కడే నిలబడి ఉంది, ఒక మూరెడు దూరంలో. ఇప్పుడు నోరు తెరిస్తే పిట్ట ఏడుపు మీద నుంచి తెరవాలి, రేపు చెప్తా అనుకుంది. రేపు, బాబాయి లాబునుంచి అలసిపోయి వచ్చాడు. ఎల్లుండి, పిన్ని తలనొప్పి అంది. ఒక్కో రోజూ దాటుతుంటే చెప్పవలసింది ఒకటి కాదు రెండయ్యాయి, చంపడం ఒకటి, ఊరుకోవడం ఒకటి. రెండోదే పెద్దదవుతూ వచ్చింది. నోటుబుక్కులో ఆ వారం పేజీలన్నీ వానల గురించీ లెక్కల మేడం గురించీ ఉంటాయి. ఆ ఒక్క వాక్యం మాత్రం అలాగే ఉంది. ఎప్పుడు కనిపెడతారో చూద్దాం.

గాలి ఇటు తిరిగింది. కిటికీలోంచి పిన్ని గొంతు వచ్చింది, సన్నగా, ఆకాశంలోంచి వచ్చినట్టు. పిన్ని బస్టాండులో బస్సుల వేళలు చెప్తుంది. బస్టాండు రెండు వీధుల అవతల, గాలి కలిసొస్తే ఇంట్లోకే వినబడుతుంది, దయచేసి గమనించండి, మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు మరి కొద్ది నిమిషాల్లో బయలుదేరును. నాలుగున్నర బస్సు. దారిలో ఆగే ఊళ్ళన్నీ చదువుతుంది, ఏడోది వాళ్ళ ఊరు. ఆరో పేరు అయ్యాక పిన్ని గొంతు పిసరంత మెత్తబడుతుందని ఆమెకి అనిపిస్తుంది, అడిగితే మాత్రం మైకు ముందు అన్ని ఊళ్ళూ ఒకటేనంటుంది పిన్ని. రోజంతా అరిచి అరిచి ఇంటికొచ్చాక పిన్ని మాట పొదుపు, ఉప్పు కావాలంటే గడ్డంతో చూపిస్తుంది. అందుకే పిన్ని దగ్గర ఆమెకి హాయి, ఇద్దరూ గంటసేపు ఒక్క మాట లేకుండా బట్టలు మడతపెట్టగలరు. ఇప్పుడు తన బట్టల సంచి తీసుకుని పరిగెత్తితే ఆ బస్సు దొరుకుతుంది. ఎన్నిసార్లు అనుకుందో. బస్సెక్కి, ఏడో ఊళ్ళో దిగి, బావి దగ్గర కాళ్ళు కడుక్కుని, ఏమైందే అంటే ఏం లేదు అని. ఎవరూ అడగరు అక్కడ కూడా. బస్సు బయలుదేరిన చప్పుడు వినబడదు, అంత దూరం రాదు, అయినా ఆమె కాసేపు విన్నది. తర్వాత కప్పు ముంచింది. మూడోది.

"పోశావా?" అని వంటింటి గుమ్మంలోంచి పిట్ట. గుమ్మం దాటదు. కాళ్ళు అటే, మెడ మాత్రం ఇటు.

"పోశాను. రా, చూద్దువుగాని."

"నేను రాను."

"నీలం తోకది ఒకటుంది. భలేగా ఉంది."

"చెప్పకు." చెవులు మూసుకుంది పిట్ట. "నేను చూస్తే చచ్చిపోతాయి. నాకు తెలుసు."

పిట్ట ఆ సోమవారం నుంచి ముందు గదిలోకి రాలేదు. వెనక మెట్లు దిగి పెరట్లోంచి బడికి వెళ్తోంది, చుట్టూ తిరిగి. పిన్ని అనుకుంది, పిల్లలు అంతే, రెండు రోజులు పోతే అదే వస్తుంది. ఎదురింటావిడ మెట్ల మీద కనబడి, "బిస్కెట్ పెట్టి చేపల్ని చంపింది నువ్వేనటగా" అని బుగ్గ గిల్లింది, సరదాకే, ఆవిడకేం తెలుసు. పోయిన వారం దుప్పటి దులుపుతుంటే పిట్ట తలగడ కింద బిస్కెట్లు బయటపడ్డాయి, బడికి పెట్టినవన్నీ, రోజుకి రెండు చొప్పున, చీమలు పట్టి. దాచుకుని తింటోందేమో అనుకుంది మొదట. ఒక్కటి కూడా కొరకలేదు. ఎవరికీ చెప్పకుండా మానేసింది, ఎవరూ వెయ్యని శిక్ష తనే వేసుకుంది, ఏడేళ్ళది. ఆమె ఆ చీమల్ని దులిపి, బిస్కెట్లు పారేసి, దుప్పటి పరిచి, నాలుగు మూలలూ సమంగా లాగి, దాని మీద కూర్చుని ఉండిపోయింది. పనితో తీరనిది ఒకటుందని అప్పుడు తెలిసింది. ఎంత తోమినా ఇది పోదు. ఇది చెప్పాలి.

నాలుగూ నలభై, నాలుగో అరకప్పు. చేతి వేళ్ళు నీళ్ళల్లో నాని ముడతలు పడ్డాయి. కొట్టాయన ఇవాళ ఏమన్నాడు, పొట్టిగా, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడేసుకుని, చేపల్ని పట్టేటప్పుడు ఊపిరి బిగబట్టే మనిషి. "చేపలకి కొత్త నీళ్ళంటే పడవమ్మా" అన్నాడు ఆమెతోనే, బాబాయి అటు మొక్కలు చూస్తుంటే. "మనకి మురికిగా కనబడేదే వాటికి ఇల్లు. కంటికి కనబడని పురుగులుంటాయి, ఆ స్పాంజిలో, ఆ రాళ్ళ మీద, అవే చేపల్ని బతికిస్తాయి. మీ తొట్టిలో అవి మళ్ళీ పుట్టడానికే నేను మూడు వారాలు ఆగమన్నది." తర్వాత గొంతు తగ్గించి, "ఇంట్లో ఎవరో బాగా శుభ్రం మనిషి ఉన్నట్టున్నారే" అన్నాడు. ఆమె ముడుచుకుపోయింది. ఆయన నవ్వాడా? ఆయనకి తెలిసిపోయిందా? ఆయనకి తెలిస్తే బాబాయికి చెప్పడా? చెప్పి ఉంటే, బాబాయి దారంతా సంచిని ఆమె ఒళ్ళోనే ఎందుకు పెట్టాడు, తన చేతులు ఖాళీగానే ఉన్నా? తొట్టిని ఆమెకి వదిలేసి ఎందుకు వెళ్ళాడు? తెలిసి వదిలాడా, తెలియక వదిలాడా? తెలియక చేశావు. ఆ మాట ఆమెదే కదా, ఆమెకే రావలసింది, వెళ్ళి తెచ్చుకోవాలి, అది తనంతట రాదు. పిట్ట దగ్గరుంది అది. పిట్ట దగ్గరనుంచి తీసుకోవాలి, అన్నిటికంటే ముందు దాని దగ్గరనుంచే.

వాచ్‌మన్ పళ్ళ సెట్టులోంచి బయటికొచ్చి, సంచి కిందకి వచ్చి, అద్దానికి అతుక్కున్నాడు. పైన ఆరు పొట్టలు కనబడుతుంటాయి వాడికి. మూడు వారాలు ఒక్కడే ఉన్నాడు, ఆ నవ్వే నోట్లో, ఎనిమిదింటి ఖాళీలో. వాడికి తెలుసు ఎవరు తోమారో, వాడినీ బకెట్‌లో వేసింది ఆమేగా. సాక్షి అంటే వాడే, మంచి సాక్షి, ఎవరూ అడగరు, వాడూ చెప్పడు, ఇద్దరూ ఒకలాంటివాళ్ళే. ఆమెకి నవ్వొచ్చింది. నాలుగూ యాభై, ఆఖరి అరకప్పు, సంచి ఇప్పుడు బరువుగా తొట్టిలోకి వంగింది, నీళ్ళు ఆ నీళ్ళూ కావు ఈ నీళ్ళూ కావు. చేపలు గోడల్ని పొడవడం మానేశాయి. వల తీసింది. ఒక చేత్తో సంచి మూతి తెరిచి పట్టుకుని, ఒక చేత్తో వల లోపలికి పెట్టి చూస్తే సంచి ముడుచుకుపోతోంది, వల తిరగట్లేదు. మళ్ళీ చూసింది. రెండు చేతులు చాలవు. బాబాయి చెప్పనే చెప్పాడు వెళ్తూ వెళ్తూ, ఆమె ఆ మాట మర్చిపోయింది, కాదు, మర్చిపోవాలనుకుంది. "సంచిని పిట్టని పట్టుకోమను. ఒక్కదానివల్ల కాదు."

ఆమె వల పక్కన పెట్టి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. పిట్ట బియ్యం డబ్బాకి ఆనుకుని కూర్చుని, నేల మీద వేలితో ఏదో గీస్తోంది. ఆమె కూడా నేల మీద కూర్చుంది, ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా.

"పిట్టా. చేపల్ని చంపింది బిస్కెట్ కాదు. నేను."

పిట్ట వేలు ఆగింది.

"నేను తొట్టి తోమాను. మీరెవరూ లేనప్పుడు. నీళ్ళన్నీ పారబోసి కొళాయి నీళ్ళు పట్టాను. రాళ్ళు కడిగాను. స్పాంజి పిండాను. చేపలకి అది పడదు. నాకు తెలీదు."

ఇన్ని మాటలు ఒకదాని వెనక ఒకటి తన నోట్లోంచి వస్తుంటే ఎవరో చదువుతుంటే వింటున్నట్టుంది. ప్లాట్‌ఫారం మీద బస్సు ఉన్నది, బయలుదేరును.

"సబ్బు పెట్టావా?" అంది పిట్ట.

"పెట్టలేదు."

"పళ్ళు కూడా తోమావా?"

"తోమాను. బ్రష్షుతో."

"ఎందుకూ?"

"మెరవాలని. మీకు బాగుంటుందని."

పిట్ట చాలాసేపు చూసింది. ఏడేళ్ళ పిల్ల అలా చూడకూడదు, అలా చూస్తే పెద్దవాళ్ళు ఎటు పోవాలి. "సగం బిస్కెట్ వల్ల కూడా కాదా? కొంచెం కూడా?"

"కొంచెం కూడా కాదు."

"అయితే అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

దీనికి మాట మూడు వారాలు వెతికింది. "నోరు రాలేదు" అంది ఆఖరికి, అదే నిజం కాబట్టి.

పిట్ట లేచింది. మొహం ఎర్రబడింది, కోపం, ఇంత కోపం దాని మొహంలో ఎప్పుడూ చూడలేదు ఆమె. "నేను ఎన్ని రోజులు బిస్కెట్ తినలేదో తెలుసా నీకు? ఎన్ని రోజులు పెరట్లోంచి వెళ్ళానో తెలుసా, అక్కడ కుక్కుంటుంది" అని, గొంతు పగిలి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆమె అక్కడే కూర్చుంది. ఐదూ రెండు. ఐదూ మూడు. ఆలస్యమైతే ఏ చేపా చావదు. గాల్లో పిన్ని గొంతు మళ్ళీ, తప్పిపోయిన గొడుగు ఎవరిదో, వచ్చి తీసుకెళ్ళవలెను. లోపల ఏదో డబ్బా మూత తీసిన చప్పుడు. ఏడుపు లేదు. తర్వాత కరకరమని నమిలే చప్పుడు, ఒకటి, మళ్ళీ ఒకటి, ఎంతకీ ఆగకుండా. తలుపు తెరుచుకుంది. పిట్ట బయటికి వచ్చింది, బుగ్గలు రెండూ ఉబ్బి, పెదాల మీద పొడి, చేతిలో ఇంకో రెండు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. దాటింది.

"ఎక్కడ పట్టుకోవాలి?" అంది నోరు నిండా.

"ముందు చేతులు కడుక్కో."

"ఇప్పుడు నువ్వు శుభ్రం గురించి చెప్పకు" అంది పిట్ట, కానీ వెళ్ళి కడుక్కుంది. స్టూలెక్కి సంచి మూతిని రెండు చేతులా తెరిచి పట్టుకుంది. ఆమె వల ముంచింది. మొదట నీలం తోకది వచ్చింది, వలలో ఒక్క ఎగురు ఎగిరింది, తొట్టి నీళ్ళ కింద వల తిప్పగానే అక్కడే ఆగిపోయింది, ఎటు వెళ్ళాలో తెలియనట్టు, అప్పుడు తోక విప్పుకుంది. పిట్ట ఊపిరి బిగబట్టింది, అచ్చం కొట్టాయనలాగే. రెండు. మూడు. నాలుగోది రెండుసార్లు తప్పించుకుంది. "నీలాగే ఇది, మూలకి పోతుంది" అంది పిట్ట. ఐదు. ఆరు. సంచిలో నీళ్ళు మాత్రం మిగిలాయి, వాటిని ఇద్దరూ కలిసి మోసుకెళ్ళి బాత్రూంలో పోశారు, ఒక్క చుక్క తొట్టిలో పడలేదు. వచ్చేసరికి ఆరూ వెనక మూలలో ఒక ముద్దగా చేరి ఉన్నాయి, వాచ్‌మన్ పళ్ళ నోట్లోకి వెనక్కి పోయి మీసాలు బయటపెట్టి చూస్తున్నాడు.

"నాన్నకి నేను చెప్తా" అంది పిట్ట.

"నేను చెప్తాను."

"నువ్వు మాట్లాడవుగా. ఎలా చెప్తావ్?"

కింద మెట్ల దగ్గర చెప్పుల చప్పుడు, బాబాయివే, కుడి చెప్పు కొంచెం ఈడుస్తాడు. పిట్ట చప్పుడు వైపు చూసింది, ఆమె మొహం చూసింది, తెల్ల కప్పు చూసింది. స్టూలు దిగి, పెద్ద రహస్యంలా ఆమె చెవి దగ్గరికి వచ్చి, బిస్కెట్ వాసనతో, "అరకప్పు అరకప్పుగా చెప్పు అక్కా. ఒకేసారి పోయకు" అంది.

తలుపు తెరుచుకుంది. "హెడ్‌మాస్టరు నవ్వాడు, పదహారూ కనబడ్డాయి" అంటూ బాబాయి లోపలికి వచ్చి, ముందు గదిలో స్టూలు పక్కన నిలబడ్డ పిట్టని చూసి ఆగిపోయాడు. తొట్టి వైపు చూశాడు. పెదాలు కదిలాయి, లెక్కపెట్టుకుంటున్నాడు. మళ్ళీ పిట్టని చూశాడు, దాని మూతి మీది బిస్కెట్ పొడిని చూశాడు, ఏమీ అడగలేదు. ఎప్పటిలాగే ఎవరూ ఏమీ అడగలేదు. ఫిల్టర్ బుడగలు వదులుతోంది. ఆమె తడి చేతులు పావడాకి తుడుచుకుంది.

"బాబాయ్" అంది. కాలేజీలో చివరి బెంచీదాకా వినబడేంతగా వచ్చింది ఆ మాట, ముగ్గురూ కొంచెం ఉలిక్కిపడ్డారు, ఆమె కూడా. "ఆ శనివారం తొట్టి మెరిసింది వాచ్‌మన్ వల్ల కాదు."

బాబాయి చెప్పులు విడవడం మానేసి గోడకి ఆనుకున్నాడు. "ఊఁ" అన్నాడు, కథ చెప్తుంటే ఊఁ కొట్టేవాళ్ళు అన్నట్టుగా, మెల్లిగా.

ఆమె ఊపిరి పీల్చుకుని రెండో అరకప్పు పోసింది.